పెట్ట లేని చోట పెట్టె: బ్రూడర్‌లో కోడిపిల్ల ఎలా బతుకుతుంది

తల్లికోడి లేకుండా బ్రూడర్‌లో, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలో, ఇంట్లో కోడిపిల్లల్ని పెంచాలనుకునేవాళ్లు మొట్టమొదట వెతికేది ఒక అంకె. ఎన్ని డిగ్రీలు పెట్టాలి? ఎవరిని అడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్, అక్కడినుంచి వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఆ అంకెలో తప్పేమీ లేదు. కానీ దాన్నొక్కదాన్నే పట్టుకుని, ఒక చిన్న అట్టపెట్టెలో బల్బు వేలాడదీసి, థర్మామీటర్ 35 చూపించగానే నిశ్చింతగా పడుకుంటే, తెల్లారి లేచి చూసేసరికి పిల్లలు వాలిపోయి ఉండొచ్చు. ఒకసారి చలికి, ఒకసారి వేడికి. థర్మామీటర్ మాత్రం అదే అంకె చూపిస్తూ ఉంటుంది.

ఆ అంకె చెప్పని సంగతి ఒకటుంది. కోడిపిల్లకు పెట్టె అంతటా ఒకే తీరు వేడి అక్కర్లేదు. వెచ్చటి చోటు ఒకటి, చల్లటి చోటు ఒకటి దగ్గర్లోనే ఉండి, ఎప్పుడు ఎటు వెళ్లాలో తనే తేల్చుకునే వీలుండాలి. పెట్టె ఎంత పొడవుండాలి, బల్బు ఎంత ఎత్తులో కట్టాలి, నీళ్లు ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఇక్కడినుంచే మొదలవుతుంది.

పిల్లలకోడి చేసే పని

పిల్లలతో తిరిగే కోడిని ఒక్క అరగంట గమనిస్తే చాలు. అది నేల గీకుతూ ముందుకు పోతుంటే పిల్లలు వెనకాలే పరిగెడతాయి, దొరికింది ఏరుకుంటాయి. కాసేపటికి ఒక పిల్ల ఉన్నచోటే నిలబడిపోయి సన్నగా అరుస్తుంది. కోడి ఒళ్లు వదులు చేసి, రెక్కలు కాస్త విప్పి, నేలకు దిగి కూర్చుంటుంది. పిల్లలన్నీ ఒక్కొక్కటే ఆ ఈకల కిందికి దూరిపోతాయి. కొన్ని నిమిషాలకు రెక్క సందులోంచి చిన్న ముక్కు బయటికొస్తుంది, వెనకే తల, ఆ వెనక పిల్ల. మళ్లీ తిరుగుడు మొదలు. మొదటి రోజుల్లో రెక్కల కింద ఉండేది ఎక్కువసేపు, బయట తిరిగేది తక్కువసేపు. పెరిగేకొద్దీ ఆ లెక్క తిరగబడుతుంది.

ఇందులో కోడి చుట్టుపక్కల గాలినేమీ వెచ్చబెట్టడం లేదు. దాని ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు, అది దొరికేది ఈకల కిందే. రెక్క దాటి ఒక జానెడు వెళితే మామూలు వాతావరణమే. అంటే కోడిపిల్ల పుట్టిన రోజునుంచీ రెండు వేర్వేరు వాతావరణాల మధ్య తిరుగుతూనే పెరుగుతోంది. చలేస్తే లోపలికి, వెచ్చబడితే బయటికి. ఈ రాకపోకలు సాగనివ్వని పెట్టె ఎంత ఖరీదైనదైనా మంచి బ్రూడర్ అనిపించుకోదు.

పిల్లకు ఇదంతా ఎందుకు కావాలంటే, పుట్టగానే ఒంటి వేడిని సొంతంగా నిలబెట్టుకునే శక్తి దానికి పూర్తిగా ఉండదు. పెద్దకోడితో పోలిస్తే దాని ఒంటి వేడి కాస్త తక్కువ, చుట్టూ చలిగా ఉంటే ఇంకా పడిపోతుంది. బరువు 40 గ్రాములకు అటూ ఇటూ. గ్లాసులో పోసిన వేడినీళ్లు బిందెడు వేడినీళ్లకన్నా తొందరగా చల్లారినట్టు, ఇంత చిన్న ఒళ్లు వేడిని తొందరగా పోగొట్టుకుంటుంది. ఒంటిమీద ఉన్నది ఇంకా నూగే, ఈకలు రాలేదు. పొడిగా ఉన్నంతసేపు, గాలి తగలనంతసేపు నూగు బాగానే కాపాడుతుంది. తడిసిందంటే మాత్రం అది ఉన్నా లేనట్టే. దీనికి తోడు నేల చల్లగా ఉంటే ఆ సన్నటి కాళ్లగుండా కూడా వేడి దిగిపోతుంది. అందుకే పిల్లలు రాకముందు రోజే బ్రూడర్ వెలిగించి పెట్టాలంటారు. పిల్లలు వచ్చే వేళకు గాలి మాత్రమే వేడెక్కితే చాలదు, కింద పరిచిన పొట్టు కూడా చేతికి వెచ్చగా తగలాలి.

వేడి ఎక్కువైతే అదీ అంతే ప్రమాదం. కోళ్లకు చెమట పట్టదు. ముక్కు తెరిచి రొప్పుతూ, ఊపిరితోపాటు ఒంట్లో నీటిని ఆవిరి చేసుకుని చల్లబడాలి. 40 గ్రాముల ఒంట్లో అలా పోగొట్టుకోవడానికి ఎంత నీరుంటుంది? తప్పించుకునే చోటు లేని పెట్టెలో పిల్ల కొన్ని గంటల్లోనే ఎండిపోతుంది. చలికి తట్టుకోలేని పిల్ల కనీసం గట్టిగా అరుస్తుంది. వేడికి తట్టుకోలేని పిల్ల నోరు తెరిచి, రెక్కలు జారవేసి, చప్పుడు లేకుండా వాలిపోతుంది. పక్క గదిలో పడుకున్నవాళ్లకు వినిపించదు. ఈ కారణంగానే రెండింటిలో వేడికే ఎక్కువ భయపడాలి.

థర్మామీటర్ కన్నా ముందు పిల్లల్ని చూడాలి

వేడి సరిగ్గా ఉన్న బ్రూడర్ దగ్గర నిలబడితే తెలిసిపోతుంది. కొన్ని పిల్లలు తింటూ, కొన్ని నీళ్లు తాగుతూ, కొన్ని పడుకుని, పెట్టె అంతటా చెదిరి ఉంటాయి. తీరిగ్గా, తగ్గుస్వరంతో కువకువలాడుతుంటాయి. పడుకున్న పిల్లలైతే మెడ చాచి, కాళ్లు ఒక పక్కకు జాపి, నేలకు అతుక్కున్నట్టు పడి ఉంటాయి. కొత్తగా పెంచేవాళ్లు అది చూసి చచ్చిపోయాయేమోనని గుండెలు బాదుకుంటారు. దగ్గరికెళ్లి తడితే ఉలిక్కిపడి లేస్తాయి. అలా ఒళ్లు మరిచి పడుకున్నాయంటే వాటికి హాయిగా ఉందని అర్థం.

చలిగా ఉంటే అన్నీ బల్బు కిందికి చేరి ఒకదాన్నొకటి తోసుకుంటూ ముద్దగా ఒదుగుతాయి. అరుపు మారుతుంది. బిగ్గరగా, కీచుగా, ఆగకుండా ఒకే లయలో సాగే ఆ అరుపును ఒక్కసారి విన్నవాళ్లు మళ్లీ పొరబడరు. వేడి ఎక్కువైతే బల్బు కింద ఖాళీగా ఉండి, పిల్లలన్నీ అంచులకు వెళ్లి గోడలవైపు ముక్కులు పెట్టుకుని రొప్పుతుంటాయి. అన్నీ ఒకే పక్కకు చేరి, అది బల్బున్న పక్క కాకపోతే, ఎక్కడినుంచో గాలి కొడుతోందని లెక్క. ఆ గాలి మన చెంపకు తెలియనంత సన్నగా ఉన్నా నేలబారున ఉన్న పిల్లకు తెలుస్తుంది. అలాంటప్పుడు వేడి పెంచితే లాభం లేదు, గాలి వచ్చే సందు మూయాలి.

థర్మామీటర్ వద్దని కాదు. పిల్లలు రాకముందు పెట్టెను సిద్ధం చేసుకోవడానికి అది తప్పనిసరి. అయితే దాన్ని గోడకు వేలాడదీస్తే అది చెప్పేది గోడ దగ్గరి సంగతే. పిల్ల వీపు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో, అంటే పొట్టుకు సుమారు 5 సెంటీమీటర్ల పైన, వేడి కింద ఒకసారి, అవతలి చివర ఒకసారి చూడాలి. వేడి కింద 35 ఉన్నప్పుడు అవతలి చివర గది వేడికి దగ్గరగా ఉంటే పెట్టె సరిగ్గా ఉన్నట్టు. రెండు చోట్లా ఒకే అంకె వస్తే, ఆ అంకె ఎంతైనా సరే, పెట్టె చిన్నదైనా అయ్యుండాలి, బల్బు పెద్దదైనా అయ్యుండాలి.

పెట్టె కొలత విషయంలో చాలామంది చేసే పొరపాటు కూడా ఇదే. పిల్లకు అర చదరపు అడుగు చొప్పున లెక్కగడితే మొదటి రెండు మూడు వారాలకు సరిపోతుంది, ఆ తర్వాత రెట్టింపు కావాలి. ఈ లెక్కన ఆరు పిల్లలకు మూడు చదరపు అడుగులు చాలు. కానీ అంత చిన్నగా, నలుచదరంగా ఉన్న పెట్టెలో చల్లటి చోటు మిగలదు. తక్కువ పిల్లలున్నప్పుడే లెక్కకన్నా ఎక్కువ చోటివ్వాలి, అదీ వెడల్పులో కన్నా పొడవులో. వేడిని ఒక చివరే కట్టాలి. మధ్యలో కడితే నాలుగు పక్కలా సగం సగం వేడే తప్ప నిజంగా చల్లగా ఉండే మూల ఉండదు.

మూలల సంగతి కూడా చెప్పుకోవాలి. భయపడినా, చలేసినా పిల్లలు మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. అడుగున పడినవి ఊపిరాడక చనిపోతాయి. కోళ్ల ఫారాల్లో చిక్ గార్డు అని రేకునో అట్టనో గుండ్రంగా చుట్టి నిలబెట్టేది ఇందుకే. ఇంట్లో పెట్టె అయితే నాలుగు మూలలకూ వంచిన అట్టముక్క అడ్డం పెడితే సరిపోతుంది. నిమిషం పని.

వేడి ఎలా ఇవ్వాలి

18వ శతాబ్దంలోనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త రేమూర్ గుడ్లను కృత్రిమంగా పొదిగించి, ఆ పిల్లల కోసం కృత్రిమ తల్లి అని ఒక పెట్టె తయారుచేశాడు. దాని లోపలివైపు ఉన్ని వదలని గొర్రెతోలు పరిచి, పైకప్పును ఏటవాలుగా పెట్టాడు. ఎత్తెక్కువైన పిల్ల ముందువైపు, పొట్టి పిల్ల లోపలివైపు నిలబడి, ఎవరి ఎత్తుకు తగ్గట్టు అవి వీపు ఆనించుకోవచ్చు. ఈ కాలపు హీటింగ్ ప్లేట్‌లో ఉన్నది అచ్చంగా ఆ ఆలోచనే. కాళ్లున్న చిన్న బల్లలాంటి పలక, కింది భాగం వెచ్చగా ఉంటుంది. పిల్లలు కిందికి దూరి వీపు తగిలించుకుంటాయి, చాలనిపించినప్పుడు బయటికొస్తాయి. గాలి వేడెక్కదు. కరెంటు తక్కువ కాలుతుంది, వెలుతురు ఉండదు కాబట్టి పగలూ రాత్రీ తేడా పిల్లలకు తెలుస్తుంది. పదీ ఇరవై పిల్లలు పెంచే ఇంటికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. మరీ చల్లటి గదిలో మాత్రం ప్లేటు ఒక్కటే చాలకపోవచ్చు. ఎందుకంటే అది గదిని వెచ్చబెట్టదు.

ఎక్కువమంది వాడేది బల్బే. 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు పెద్ద గుంపుకు, చల్లటి చోటుకు పనికొస్తుంది. నాలుగైదు పిల్లలున్న చిన్న పెట్టెకు 60 నుంచి 100 వాట్ల మామూలు పాతకాలపు బల్బు చాలు. ఎల్‌ఈడీ బల్బుతో వేడి రాదు. ఎరుపు రంగు బల్బయితే పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకోవడం తగ్గుతుంది, నిద్రా కొంత మెరుగ్గా పడుతుంది. పగిలిపోకుండా పైన టెఫ్లాన్ పూత వేసిన బల్బులు కొన్ని ఉంటాయి. వాటి జోలికి వెళ్లకూడదు. వేడెక్కినప్పుడు ఆ పూతనుంచి వచ్చే ఆవిరి మనకు తెలియకపోవచ్చు గానీ, పక్షుల ఊపిరితిత్తులకు అది విషం.

ఇన్‌ఫ్రారెడ్ బల్బును పొట్టునుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో మొదలుపెట్టి, పిల్లల తీరు చూస్తూ పైకి జరపాలి. ఇక్కడ ఎంత గట్టిగా చెప్పినా తక్కువే అనిపించే విషయం నిప్పు. కింద ఎండుపొట్టు, చుట్టూ అట్ట, పైన వందల డిగ్రీల వేడితో బల్బు, దాని కింద ఎగిరే పిల్లలు. బల్బుతోపాటు వచ్చే క్లిప్పును నమ్ముకుని వేలాడదీయడమంటే ఇంటిని పణంగా పెట్టడమే. గొలుసుతో కట్టాలి. ఆ గొలుసు ఊడినా బల్బు నేలకు తగలకుండా వేరే చోటినుంచి ఇంకో కట్టు ఉండాలి. గాజుకు ముందు ఇనుప జాలీ ఉండాలి. బల్బు పట్టుకునే హోల్డరు ప్లాస్టిక్‌ది కాకుండా పింగాణీది అయ్యుండాలి. పెట్టెమీద గుడ్డ కప్పే అలవాటుంటే అది బల్బు దరిదాపుల్లోకి జారకుండా చూసుకోవాలి. బల్బు చుట్టూ ఉండే రేకుమీద పేరుకునే దుమ్మును వారానికోసారి తుడవాలి, బల్బు ఆర్పి చల్లారాక.

కరెంటు పోయిన రాత్రి ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. సీసాల్లో వేడినీళ్లు పోసి, బిరడా గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి పెట్టెలో పెడితే పిల్లలు వాటిని ఆనుకుని పడుకుంటాయి. గంటా రెండు గంటలకోసారి నీళ్లు మార్చాలి. పెట్టె చోటును అట్టతో కుదించి, పైన గుడ్డ కప్పాలి గానీ గాలి ఆడే సందు వదలాలి. వాటి ఒంటి వేడే వాటికి కొంత కాపుగా ఉంటుంది.

మొదటి గుక్క, మొదటి గింజ

గుడ్డులోంచి బయటికొచ్చే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటుంది. దానితో రెండు మూడు రోజులు ఏమీ తినకపోయినా బతుకుతుంది. అప్పుడే పుట్టిన పిల్లల్ని డబ్బాల్లో దూరప్రాంతాలకు పంపగలుగుతున్నారంటే దానివల్లే. అయితే ఈ వరమే ఒక్కోసారి మోసం చేస్తుంది. తిండి తినడం, నీళ్లు తాగడం నేర్చుకోని పిల్ల కూడా మొదటి రెండు రోజులు మిగతావాటిలాగే గంతులేస్తుంది. నాలుగో రోజో ఐదో రోజో సొన అయిపోయాక ఉన్నట్టుండి వాలిపోతుంది. నిన్నటిదాకా బాగానే ఉంది, రాత్రికి రాత్రి ఏదో రోగం తగిలిందని అనుకుంటారు. అసలు కారణం మొదటి రోజే మొదలైంది.

కాబట్టి పిల్లల్ని పెట్టెలోకి వదిలేటప్పుడు గుంపుగా కుమ్మరించకుండా ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకోవాలి. అరచేతిలో పట్టుకుంటే వేళ్లకు దాని గుండె దడదడ తెలుస్తుంది. ముక్కు కొనను, ముక్కు రంధ్రాలు మునగకుండా, గోరువెచ్చటి నీళ్లలో ఒక్క క్షణం తాకించాలి. పిల్ల తల వెనక్కి వేసి, ముక్కు ఒకటి రెండుసార్లు ఆడించి, గుటక వేస్తుంది. చాలా పక్షుల్లాగే కోళ్లు కూడా నీటిని పీల్చలేవు, నోట్లోకి తీసుకున్న చుక్కను తల ఎత్తి గొంతులోకి జార్చుకోవాలి. ఆ తల ఎత్తడం కనిపిస్తే పని అయినట్టే. మూడు నాలుగు పిల్లలకు తెలిస్తే మిగతావి చూసి నేర్చుకుంటాయన్నది నిజమే. అయినా గుంపు చిన్నదైనప్పుడు అన్నిటికీ చూపించడం మంచిది. ప్రయాణంలో నలిగి వచ్చిన పిల్లలకు మొదటి కొన్ని గంటలు నీళ్లలో కాస్త చక్కెరో, ఎలక్ట్రోలైట్ (లవణాల) పొడో కలిపితే తేరుకుంటాయి. ఆ తర్వాత మంచినీళ్లే.

నీళ్ల పళ్లెం లోతుగా ఉంటే పిల్ల అందులో పడుతుంది. మునిగిపోకపోయినా తడుస్తుంది, తడిస్తే చలికి పోతుంది. లోతు తక్కువ డ్రింకరు లేకపోతే మామూలు పళ్లెంలో గోళీలో గులకరాళ్లో నింపి, వాటి సందుల్లో నీళ్లుండేలా చేయొచ్చు. నీళ్లూ మేతా వెచ్చటి చోటికి, చల్లటి చోటికి నడుమ ఉండాలి. నీళ్లు సరిగ్గా బల్బు కింద పెడితే వేడెక్కిపోతాయి, మరీ దూరం పెడితే చలికి వణికే పిల్ల అంతదూరం వెళ్లదు.

మేత మొదటి రోజు ఫీడర్లో కన్నా కింద పరిచిన గరుకు కాగితంమీద చల్లితే తొందరగా కనిపెడతాయి. వేలి కొనతో ఆ కాగితంమీద టకటక తట్టి చూడండి, పిల్లలు పరిగెత్తుకొస్తాయి. కోడి గింజ దొరికినప్పుడు ముక్కుతో నేలను పొడుస్తూ పిలిచేది అలాగే. నున్నటి వార్తాపత్రిక మాత్రం పరచకూడదు. కాళ్లు జారి, రెండు పక్కలకూ విడిపోయి, కొన్ని పిల్లలకు అది జీవితాంతం అవిటితనంగా మిగిలిపోతుంది.

తిన్నాయో లేదో తెలుసుకోవడానికి ఊహించుకోనక్కర్లేదు. పిల్ల మెడ దిగువన, రొమ్ముకు కుడివైపున మేత నిలిచే చిన్న సంచి ఉంటుంది. మొదటి రాత్రి, మళ్లీ మర్నాడు ఇదే వేళకు, పిల్లను ఎత్తి చూపుడువేలితో అక్కడ మెల్లగా తాకాలి. మెత్తగా, నానిన బఠానీ గింజలా తగిలితే మేతా నీళ్లూ రెండూ లోపలికి వెళ్లాయి. గట్టిగా, గరుకుగా ఉంటే తిన్నది గానీ నీళ్లు చాలలేదు. నీళ్ల బుడగలా ఉంటే తాగింది గానీ తినలేదు. ఏమీ తగలకపోతే ఆ పిల్లను వదలకూడదు. పక్కన కూర్చుని ముక్కు మళ్లీ నీళ్లలో తాకించాలి, గింజల దగ్గర తట్టి చూపించాలి. పది పిల్లలకు ఐదు నిమిషాలు పట్టే ఈ పని, నాలుగో రోజు జరిగే నష్టాన్ని చాలావరకు ఆపుతుంది.

మేత విషయంలో పెద్దగా ప్రయోగాలు అక్కర్లేదు. చిక్ స్టార్టర్ పేరుతో దొరికే దాణాలో మాంసకృత్తులు 20 శాతం అటూ ఇటూ ఉంటాయి, మాంసం కోళ్లకైతే ఇంకాస్త ఎక్కువ. అదొక్కటే చాలు. ఇంట్లో ఉంది కదా అని గుడ్లుపెట్టే కోళ్ల దాణా వేయడం మాత్రం పెద్ద తప్పు. అందులో గుడ్డు పెంకు కోసం కలిపే కాల్షియం సుమారు 3.5 నుంచి 4 శాతం ఉంటుంది, పిల్లకు కావలసింది ఒక శాతం. మిగిలినదాన్ని బయటికి పంపలేక కిడ్నీలు పాడవుతాయి. స్టార్టర్ కాకుండా ఆకులో, గింజలో వేస్తే నూరుకోవడానికి కందనకాయకు సన్న ఇసుకరాళ్లు కూడా కావాలి.

1920లకు ముందు పిల్లల్ని ఎక్కువకాలం గదిలోపల పెంచడం చాలా కష్టంగా ఉండేది. కాళ్లు వంకరపోయి, నడవలేక పడిపోయేవి. ఎండ తగలకపోవడంవల్ల విటమిన్ డి అందడం లేదని తేలాక, మేతలో కాడ్ చేపనూనె కలపడం మొదలయ్యాకే నాలుగు గోడల మధ్య కోళ్లను పెంచడం కుదిరింది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు, కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. నూకలూ తవుడూ వేసి లోపలే పెంచితే ఇప్పటికీ ఆ జబ్బు వస్తుంది.

తడి

మొదటి వారం దాటిందంటే అసలు శత్రువు తడి. కింద పరిచే పొట్టు 5 సెంటీమీటర్ల మందాన ఉండాలి. వరి ఊక బాగుంటుంది, చెక్క చిత్రిక పట్టినప్పుడు వచ్చే పొరలు కూడా బాగుంటాయి. మరీ సన్నటి రంపపు పొట్టును పిల్లలు మేతనుకుని తింటాయి. బూజు వాసన కొద్దిగా వచ్చినా ఆ పొట్టు వాడకూడదు. ఆ బూజు విత్తులు ఊపిరితిత్తుల్లోకి చేరి, పిల్ల మెడ చాచి నోరు తెరిచి ఊపిరికోసం కొట్టుకుంటుంది. ఇంగ్లిషులో దీనికి బ్రూడర్ న్యుమోనియా అన్న పేరే ఉంది.

తడి ఎందుకంత ప్రమాదమో కాక్సిడియోసిస్‌ను చూస్తే అర్థమవుతుంది. రక్త పారుడు అని పిలిచే జబ్బు ఇదే. దీన్ని కలిగించే సూక్ష్మజీవి పిల్ల పేగులో పెరిగి, రెట్టతోపాటు బయటికి వస్తుంది. వచ్చిన వెంటనే అది ఇంకో పిల్లకు అంటదు. తడి, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో అంటించే శక్తి తెచ్చుకుంటుంది. బ్రూడర్లో వెచ్చదనం, గాలి ఎటూ ఉంటాయి. మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. పొడి పొట్టులో కూడా పిల్ల ఆ జీవుల్ని కొన్ని మింగుతుంది, అదీ మంచికే, ఒంటికి తట్టుకునే శక్తి వస్తుంది. నీళ్ల పళ్లెం చుట్టూ ముద్దకట్టిన పొట్టులో మాత్రం లెక్కకు మించి మింగి పేగు దెబ్బతింటుంది. మూడు నుంచి ఆరు వారాల వయసులో పిల్లలు ఒళ్లు ముడుచుకుని, ఈకలు పొంగించి, కళ్లు మూసుకుని నిలబడుతుంటే, రెట్టలో రక్తం కనిపిస్తే, ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ని అడగాలి. నీళ్లలో కలిపే ఆంప్రోలియం సాధారణంగా ఇచ్చే మందు. అది విటమిన్ బి1 వేషంలో వెళ్లి ఆ సూక్ష్మజీవిని ఆకలితో మాడుస్తుంది. అందుకే అదే సమయంలో బి విటమిన్ల టానిక్ ఇస్తే మందు పని తగ్గిపోతుంది.

డ్రింకరును ఇటుకమీదో జాలీమీదో ఎత్తుగా పెట్టి, అంచు పిల్ల వీపు ఎత్తుకు సమానంగా ఉంచితే ఒలకడం చాలావరకు తగ్గుతుంది. తడిసిన పొట్టును ఏ రోజుకారోజు గుప్పెడు గుప్పెడుగా తీసేయాలి. తడిసిన రెట్టనుంచి వచ్చే అమ్మోనియా ఘాటు ఉందో లేదో నిలబడి చూస్తే తెలియదు. వంగి ముఖాన్ని పొట్టు దాకా దించి ఊపిరి పీల్చాలి. పిల్లలు రాత్రీ పగలూ పీల్చేది ఆ గాలినే. కళ్లు చురుక్కుమంటే అప్పటికే ఆలస్యమైంది.

మొదటి రోజుల్లో ఇంకొకటి చూసుకోవాలి. ప్రయాణం, చలి, వేడి ఏది ఎక్కువైనా కొన్ని పిల్లలకు రెట్ట వెనక అంటుకుని గట్టిపడి దారి మూసేస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డతో నానబెట్టి మెత్తబడ్డాక తుడవాలి, లాగకూడదు. పిల్లను ఆరనిచ్చాకే పెట్టెలో వదలాలి. ఇక్కడో హెచ్చరిక. పొట్ట కింద బొడ్డు దగ్గర ఎండిన పొక్కులాంటిది ఉంటే అది రెట్ట కాదు, సొన లోపలికి వెళ్లిన చోటు మూసుకున్న గుర్తు. దాన్ని గోకితే ప్రాణం మీదికొస్తుంది.

టీకాల గురించి పిల్లల్ని తెచ్చుకునే చోటే అడిగి తెలుసుకోవాలి. మారెక్స్ అనే వైరస్ జబ్బుకు టీకా పుట్టిన రోజే మెడ దగ్గర వేస్తారు, తర్వాత వేస్తే పెద్దగా ఫలితం ఉండదు. కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా సాధారణంగా మొదటి వారంలో కంట్లో చుక్కగా పడుతుంది.

చూడడానికి నిండు ఆరోగ్యంతో ఉన్న పిల్ల రెట్టలో కూడా మనుషులకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పెట్టెను వంటగదిలో పెట్టకూడదు. ఇంట్లో ఐదేళ్లలోపు చిన్నారులు ఎంత ముచ్చటపడినా కోడిపిల్లల్ని ముద్దుపెట్టుకోనివ్వకూడదు.

వేడి మాన్పించడం

వారానికి 3 డిగ్రీలన్న లెక్క ఇక్కడ మళ్లీ వస్తుంది. దాన్ని గీతగీసినట్టు పాటించనక్కర్లేదు. పిల్లలు వేడి కిందికి వెళ్లడం తగ్గించేకొద్దీ బల్బును కొద్దికొద్దిగా పైకెత్తుతూ పోవడమే. రెండో వారానికి రెక్కల ఈకలు కనిపిస్తాయి, ఎగరడం నేర్చుకుంటాయి, పెట్టెకు పైన జాలీ అప్పుడు తప్పనిసరి. పిల్లి, ఎలుక, కాకి భయం ఉన్నచోట మొదటి రోజునుంచే కావాలి. నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో సన్నటి కర్ర కట్టిస్తే ఎక్కి కూర్చోవడం మొదలుపెడతాయి. ఈ వయసులో ఇరుకైనా, వెలుతురు మరీ ఎక్కువైనా ఒకదాని తోక ఒకటి పొడుస్తాయి. రక్తం కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి కాబట్టి దెబ్బతిన్న పిల్లను వెంటనే వేరుచేయాలి. పెట్టెను పెద్దది చేయకుండా పొడుచుకోవడాన్ని మాన్పించే చిట్కాలేవీ ఎక్కువకాలం నిలవవు.

మూడు వారాలు దాటాక గాలి లేని ఎండపూట గంటసేపు బయట తిప్పవచ్చు. పగలు ముందుగా వేడి ఆపేసి, రాత్రి మాత్రం ఉంచి, ఆ తర్వాత రాత్రి కూడా ఆపాలి. తలమీద, మెడమీద నూగు అన్నిటికన్నా చివర రాలుతుంది. ఆ చోట కూడా ఈకలు వచ్చాయా లేదా చూడాలి. ఐదు ఆరు వారాలకు వరసగా కొన్ని రాత్రులు పిల్లలు బల్బు వైపు పోకుండా అవతలి చివర కర్రమీద ఒకదాని పక్కన ఒకటి కూర్చుని నిద్రపోతుంటే, ఇక దాన్ని తీసేయవచ్చు.

పెట్టెలోంచి కోళ్ల గూట్లోకి మార్చిన మొదటి రెండు మూడు రాత్రులు మాత్రం చీకటి పడ్డాక టార్చిలైటు పట్టుకుని ఒకసారి వెళ్లాలి. కొత్తచోట కర్ర ఎక్కడుందో తెలియక, పుట్టిన రోజు చేసినట్టే మళ్లీ ఒక మూలకు చేరి ముద్దగా ఎక్కి ఉంటాయి. ఒక్కొక్కదాన్నే తీసి కర్రమీద కూర్చోబెడితే, కాలివేళ్లు కర్ర చుట్టూ బిగించి, కాసేపు అటూ ఇటూ ఊగి, సర్దుకుంటాయి.